దిగే ముందు జేబులు చూసుకుందాం

ఈ పేజీలో మామూలుగా మార్కుల గురించి, హోంవర్కు గురించి, పిల్లల చేతిలోంచి సెల్‌ఫోన్ తప్పించడం గురించి రాస్తుంటారు. అవన్నీ కావలసినవే. ఈ నెల నన్ను రాయమన్నప్పుడు మాత్రం నేను మరో విషయం ఎంచుకున్నాను. మన ఇళ్లల్లో, క్వార్టర్ల మెట్ల మీద, స్కూలు గేటు దగ్గర, ఫోన్లలో మనం మతం గురించి ఎలా మాట్లాడుకుంటున్నాం అన్నది ఆ విషయం.

ఈ మాట ఎత్తగానే "ఆ గొడవ మనకెందుకమ్మా" అనుకునేవాళ్లు ఉంటారు. నిజమే, గొడవ ఎవరికీ వద్దు. కానీ మనం వద్దనుకున్నంత మాత్రాన అది గుమ్మం బయట ఆగడం లేదు. టీవీలో వస్తుంది. ఫోన్లో వస్తుంది. బంధువుల పెళ్లిలో భోజనాల దగ్గర వస్తుంది. అక్కడ పెద్దవాళ్లం నాలుగు మాటలు అనుకుని చెయ్యి కడుక్కుని లేచిపోతాం. పక్కన కూర్చుని విన్న పిల్లలు మాత్రం ఆ మాటల్ని మరునాడు టిఫిన్ బాక్సుతో పాటు స్కూలుకి తీసుకెళ్తారు.

పేరులోనే నూరేళ్లున్న కాలనీ మనది. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం ఎక్కడికి విస్తరిస్తే అక్కడికి రకరకాల మనుషుల్ని తీసుకుపోయింది. అందుకే మన సెంటినరీ కాలనీలో ఒకే బ్లాకులో కింది ఇంట్లో డిసెంబరు వస్తే నక్షత్రం వెలుగుతుంది, పై ఇంట్లో కార్తీక దీపాలు వెలుగుతాయి, ఎదురింట్లో రంజాన్ నెలంతా తెల్లవారకముందే గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. ఏ దేవుడికీ దణ్ణం పెట్టని పాత యూనియన్ మనిషి ఇల్లు కూడా ఆ పక్కనే ఉంటుంది. ఈ నలుగురి పిల్లలూ ఒకే బస్సు ఎక్కి, ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ల బెంచీ అలాగే ఉండాలంటే ఇంట్లో మన మాట ఎలా ఉండాలి? నేను ఆలోచించమని అడిగేది ఇంతే.

ప్రసాదం వద్దన్న పాప

మా అమ్మాయి ఆరో తరగతి. కిందటేడు వినాయక చవితి తర్వాత ఒక రోజు బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి అడిగింది: "అమ్మా, మన ప్రసాదం తినకపోతే మన దేవుణ్ని తిట్టినట్టేనా?" ఎవరన్నారని అడిగితే క్లాసులో ఒకరన్నారంది. మా అమ్మాయితో రోజూ డబ్బా పంచుకుని తినే పాప ఒకతి ఉంది. వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఆ రోజు ఎవరో ఉండ్రాళ్లు తెచ్చి అందరికీ పెడితే ఆ పాప వద్దంది. వెంటనే పక్కనుంచి ఒక పిల్ల, "చూశారా, వాళ్లు మన దేవుణ్ని తిట్టినట్టే" అంది. పదకొండేళ్ల పిల్ల మాట కాదది. ఎక్కడో ఎవరో పెద్దవాళ్లు అన్న మాట ఆ పిల్ల నోట్లోంచి వచ్చింది.

ఆ పాప రెండు వారాలు వెనక బెంచీలో కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, తానే వెళ్లింది. మా అమ్మాయి డబ్బాలో సగం అన్నం మిగిలి వచ్చేది.

నేను ఆ పాప వాళ్ల అమ్మతో మాట్లాడాను. స్కూలు గేటు దగ్గర కాదు, వాళ్లింటికి వెళ్లి. ఆమె మొదట భయపడింది. ఫిర్యాదు చేయడానికి వచ్చాననుకుంది. విషయం చెప్పాక నెమ్మదిగా అంది: "అక్కా, మా పాప ఎవర్నీ తిట్టలేదు. పూజలో పెట్టింది మేం తినం. మా నమ్మకం అంతే. నువ్వు వండింది పెట్టు, కడుపు నిండా తింటది." కాసేపాగి ఇంకో మాట కూడా అంది: "అన్ని మతాలు ఒకటే అని చాలామంది అంటరు అక్కా. నాకు ఒకటి కాదు. ఒకటే అయితే నేను ఇంత దూరం చర్చికెందుకు పోత? కానీ మీరు నాకు కావాలె."

ఆ మాట నాకు బాగా నచ్చింది. మనం చాలాసార్లు మర్యాద కోసం "అన్నీ ఒకటే" అనేసి చేతులు దులుపుకుంటాం. ఎదుటి మనిషి నమ్మేది ఏమిటో వినాల్సిన పని అక్కడితో తప్పిపోతుంది. ఆమె మాటలో ఆ తప్పించుకోవడం లేదు. నీదీ నాదీ వేరు అని ఒప్పుకుంది, అయినా నువ్వు నాకు కావాలి అంది. పిల్లలకు నేర్పాల్సింది ఇదేనని నాకు అనిపిస్తుంది.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. "మీ పెద్దమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది కదా. ఆ రోజు నువ్వు చికెన్ ముక్క పెడితే వద్దంటుంది. అంటే నిన్ను తిట్టినట్టా?" పిల్లకు వెంటనే అర్థమైంది. పిల్లలకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. ఆలస్యమంతా మన దగ్గరే.

మా నాన్న, ఆయన జోడీ

మా నాన్న గోదావరిఖనిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గెత్తి టబ్బులు నింపే పని. ఆయన జోడీ ఒక ముస్లిం. ఆయన్ని మేం చాచా అని పిలిచేవాళ్లం. మా నాన్న బొగ్గుబాయి దగ్గర మైసమ్మకు మొక్కనిదే దిగేవాడు కాదు. చాచా నమాజు చేసుకుని వచ్చేవాడు. ఒకరి కోసం ఒకరు ఆగేవాళ్లు.

వాళ్లిద్దరూ మతం గురించి మాట్లాడుకోలేదని మీరు అనుకుంటే పొరపాటు. ఏళ్ల తరబడి వాదించుకున్నారు. షిఫ్టు దిగి సైకిళ్లు నడిపించుకుంటూ వచ్చేటప్పుడు మొదలయ్యేది. "రూపం లేకపోతే మనిషి ఎవరికి మొక్కాలె భాయ్?" అని మా నాన్న. "అంత పెద్దోడు రూపంల ఇముడుతడా అన్నా?" అని చాచా. "ఇమడడు. నా కంటికి ఆనాలంటే మాత్రం రూపం కావాలె" అని మళ్లీ మా నాన్న. మా ఇంటి దగ్గర చాయ్ తాగి, మిగతా వాదం రేపటికి ఉంచుకుని చాచా వెళ్లిపోయేవాడు.

ఇంకో తమాషా ఉంది. పీర్ల పండుగకు మా నాన్న మలీద ముద్దలు తీసుకుని పీర్ల దగ్గరికి వెళ్లేవాడు. మన పల్లెల్లో హిందువులు పీర్లకు మొక్కడం కొత్తేమీ కాదు కదా. చాచా మాత్రం వచ్చేవాడు కాదు. "మా దాంట్ల గిట్ల లేదు అన్నా" అనేవాడు. ముస్లిం అయినవాడు ఇంట్లో ఉంటే, హిందువు పీర్లకు మొక్కి వచ్చేవాడు. ఒకరినొకరు "నువ్వు తప్పు" అని ఇద్దరూ ఎన్నోసార్లు అనుకుని ఉంటారు. కానీ చాచా లేనప్పుడు మా నాన్న ఆయన మతం గురించి ఒక్క మాట తేలిగ్గా మాట్లాడగా మేం వినలేదు. ఆ వాదం ఏదైనా ఆయన ముందే, ఆయనతోనే.

గనిలో దిగేవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పైకప్పు చప్పుడు చేస్తే పక్కనున్నవాడు చెయ్యి పట్టి లాగాలి. ఆ చెయ్యి ఎవరిదని చూసే వ్యవధి ఉండదు. పైన ఉండగా ఆ మనిషిని చులకన చేసి, కింద ఆ చేతిని నమ్ముకోవడం కుదరదు.

బొగ్గుబాయి దగ్గర ఇంకో కట్టుబాటు కూడా ఉంది, మీలో చాలామందికి తెలిసిందే. లోపలికి దిగే వాళ్ల జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, లైటరు, ఏదీ లోపలికి పోకూడదు. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు. అందుకే ఎంత సీనియర్ అయినా, ఎంత మంచివాడైనా తనిఖీ తప్పదు. అగ్గిపెట్టె జేబులో ఉన్నవాడు చెడ్డవాడని కాదు. దిగబోయే చోటు అలాంటిది.

మతం గురించిన మాట కూడా అలాంటి చోటే. అక్కడ ఎదుటి మనిషి అమ్మానాన్నల జ్ఞాపకాలుంటాయి, చావు పుట్టుకలుంటాయి, ఆసుపత్రి బయట కూర్చుని మొక్కుకున్న మొక్కులుంటాయి. పైకి ఏమీ కనపడదు. మాట్లాడొద్దని నేను అనడం లేదు. మా నాన్న వాళ్లు జీవితమంతా మాట్లాడుకున్నారు. దిగే ముందు జేబులో అగ్గిపెట్టె ఉందేమో చూసుకుందాం అంటున్నాను.

ఎర్రగుడి బండ మీద

ఇది కొత్తగా నేను కనిపెట్టిన సంగతి కాదు. మన తెలుగు నేల మీదే, కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలో, అశోకుడి శాసనాలు చెక్కిన బండలున్నాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటివి. ఆయన పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ అక్కడ ఉన్నాయి. వాటిలో పన్నెండోది పూర్తిగా ఈ విషయం మీదే.

అశోకుడు బౌద్ధుడని పిల్లలు సోషల్ పుస్తకంలో చదువుతారు. ఆ శాసనంలో మాత్రం ఆయన తన మతం గొప్పదని చెప్పడు. అన్ని మతాల వాళ్లనూ గౌరవిస్తానని చెప్పి, ఆ గౌరవానికి మూలం నాలుకను అదుపులో పెట్టుకోవడమే అంటాడు. సందర్భం లేకుండా సొంత మతాన్ని పొగుడుకోవద్దు, ఎదుటి మతాన్ని కించపరచవద్దు, సందర్భం వచ్చినా మితంగానే మాట్లాడాలి అన్నది ఆయన చెప్పిన దాని సారం. సొంత మతం మీది ప్రేమతో ఎదుటివాళ్ల మతాన్ని తిట్టేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడని కూడా అంటాడు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలని, కలిసి ఉండటమే మంచిదని చెబుతాడు.

రెండువేల రెండువందల ఏళ్లు దాటింది. ఈ సలహాకు ఇప్పటికీ పాతబడే యోగం పట్టలేదు. ఒక చక్రవర్తి పనిగట్టుకుని బండ మీద చెక్కించాడంటే, నాలుక తిన్నగా ఉండకపోవడం ఆ రోజుల్లోనూ ఉన్నదేనని తెలుస్తోంది. మన తరమే పాడైపోయిందని దిగులు పడక్కర్లేదు. ఏ తరానికి ఆ తరం మళ్లీ నేర్చుకోవాల్సిందే.

నమ్మేవాడు, నమ్మనివాడు

మతం గురించిన మాట అంటే రెండు మతాల మధ్య మాటే కానక్కర్లేదు. నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ మధ్య కూడా ఉంటుంది. దీనికి మన తెలుగువాళ్లలోనే ఒక మంచి ఉదాహరణ గోరా గారు, గోపరాజు రామచంద్రరావు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి. ఆ కేంద్రం తర్వాత విజయవాడకు మారింది.

ఆయన 1930లోనే గాంధీజీకి ఉత్తరం రాసి, మీరు దేవుడు అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నారని సూటిగా అడిగారు. దేవుడు మనిషి ఊహకు అందడని గాంధీజీ జవాబిచ్చారు. గోరాకు ఆ జవాబు సరిపోలేదు. ఊరుకోనూ లేదు, దూరంగా పోనూ లేదు. 1944లో సేవాగ్రాం వెళ్లి కలిశారు. రోజూ ప్రార్థన చేసే మనిషి ఆశ్రమంలో, ప్రార్థన మీద నమ్మకం లేని మనిషి కూర్చుని మాట్లాడాడు. ఇద్దరూ తమ తమ మాట మీదే ఉన్నారు, ఇద్దరూ ఎదుటి మాట విన్నారు.

గోరా తన పెద్ద కూతురికి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయించినప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిపిస్తానని గాంధీజీ ఒప్పుకున్నారు. నాస్తికుల ఇంటి పెళ్లి కాబట్టి దేవుడి పేరు లేకుండా, సత్యం పేరు మీద జరపడానికి కూడా ఒప్పుకున్నారు. అంతలోనే 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. అయినా ఆ మాట నిలిచింది. ఆ ఏడాది మార్చిలో సేవాగ్రాంలోనే ఆ పెళ్లి జరిగింది. గోరా ఈ అనుభవాల మీద రాసిన ఇంగ్లిషు పుస్తకం 1951లో అచ్చయింది.

గాంధీజీ దేవుణ్ని వదులుకోలేదు. గోరా దేవుణ్ని ఒప్పుకోలేదు. కానీ ఎదుటి ఇంటి శుభకార్యంలో ఏ మాట ఉండాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టమని ఇద్దరికీ తెలుసు. మన ఇళ్లల్లో ఎవరో ఒకరు గుడికి రానంటే, హారతి తీసుకోనంటే "మతి చెడిందా" అంటాం. ఈసారి ఆ మాట అనే ముందు ఒక్కసారి ఈ పెళ్లిని గుర్తు తెచ్చుకోండి.

నిలబడ్డారు, పాడలేదు

ఇప్పుడు చెప్పేది బడికి సంబంధించినది. 1985లో కేరళలో ముగ్గురు అన్నాచెల్లెళ్లను బడి నుంచి తీసేశారు. వాళ్లు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం పిల్లలు. ఉదయం అసెంబ్లీలో జాతీయగీతం పాడేటప్పుడు అందరితో పాటు లేచి నిలబడేవాళ్లు, కానీ నోరు విప్పి పాడేవాళ్లు కాదు. దేవుడికి తప్ప మరి దేనికీ స్తోత్రం పాడకూడదని వాళ్ల నమ్మకం. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1986 ఆగస్టు 11న తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. గౌరవంగా నిలబడ్డ పిల్లలు జాతీయగీతాన్ని అవమానించినట్టు కాదని, వాళ్లను తిరిగి బడిలో చేర్చుకోవాలని చెప్పారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం, మూడూ సహనాన్నే నేర్పుతున్నాయి కాబట్టి దాన్ని పలచన చేయొద్దన్న భావంతో తీర్పు ముగించారు.

ఉండ్రాళ్లు వద్దన్న పాప విషయంలో నాకు ఈ తీర్పే గుర్తొచ్చింది. కలిసి పాడకపోవడం వేరు, అవమానించడం వేరు. తినకపోవడం వేరు, తిట్టడం వేరు. ఈ తేడా పిల్లలకు చిన్నప్పుడే తెలిస్తే ఎన్నో గొడవలు పుట్టవు. రాజ్యాంగం 28వ అధికరణం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ పిల్లనైనా మత బోధలో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి.

గౌరవం అంటే నోరు మూసుకోవడం కాదు

ఇదంతా చదివి "అయితే ఇక దేన్నీ విమర్శించకూడదా" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన పల్లెల్లో బాణామతి, చేతబడి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన సంగతులు మనం విన్నవే. జ్వరం వచ్చిన పిల్లను డాక్టరుకు చూపించకుండా తాయెత్తు కట్టి కూర్చోబెడితే ఊరుకోవాలా? కులం పేరు చెప్పి గుడి గడప దగ్గర ఆపితే అది వాళ్ల ఆచారమని తల ఊపాలా? అక్కర్లేదు. మనిషికి హాని జరిగే చోట మాట్లాడి తీరాలి.

రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పౌరుల బాధ్యతలను చెబుతుంది. 1976లో చేర్చారు. మత భేదాలకు అతీతంగా సోదరభావాన్ని పెంచడం అందులో ఒక బాధ్యత. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే గుణాన్ని పెంచుకోవడం ఇంకో బాధ్యత. రెండూ ఒకే జాబితాలో ఉన్నాయి. ప్రశ్నిస్తే ప్రేమ పోతుందని, ప్రేమ ఉంటే ప్రశ్నించకూడదని ఆ పెద్దలు అనుకోలేదు.

నాకు తోచిన కొలత ఒకటుంది. విమర్శ పని మీద ఉండాలి, పుట్టుక మీద కాదు. "పిల్లకు జ్వరం ఉంది, ముందు ఆసుపత్రికి పోదాం" అంటే అది విమర్శ. "మీ వాళ్లంతా ఇంతే" అంటే అది నిప్పురవ్వ. ఇంకో కొలత కూడా ఉంది. విమర్శ మన ఇంటి నుంచి మొదలవ్వాలి. మన ఆచారాల్లో ఏది బాగోలేదో పిల్లల ముందు నిజాయితీగా చెప్పగలిగిన తల్లిదండ్రులకు ఎదుటివాళ్ల గురించి మాట్లాడే అర్హత ఎంతో కొంత వస్తుంది.

చట్టం కూడా ఉందని గుర్తుంచుకోండి. ఒక వర్గం మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో అవమానించడం నేరం. ఇది 1927లోనే శిక్షాస్మృతిలోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా ఉంది. మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. కానీ చట్టం వచ్చేది అన్నీ అయిపోయాక. వెనక బెంచీకి వెళ్లిపోయిన పాపను ఏ సెక్షనూ ముందుకు తీసుకురాలేదు. అది మన చేతుల్లో పని.

మనం పాటించగల కొన్ని కట్టుబాట్లు

మా బ్లాకులో నలుగురైదుగురు తల్లులం కూర్చుని అనుకున్నవి ఇవి. మీకు నచ్చితే మీ ఇంట్లో ప్రయత్నించండి. మార్చుకోవాలనిపిస్తే మార్చుకోండి.

1. ఎదురుగా ఉన్నట్టే మాట్లాడదాం. ఎవరి మతం గురించి మాట్లాడుతున్నామో ఆ మతం మనిషి మన సోఫాలో కూర్చుని చాయ్ తాగుతున్నాడనుకోండి. అప్పుడు కూడా ఆ మాట అదే గొంతుతో అనగలిగితే అనొచ్చు. అనలేకపోతే పిల్లల ముందు అసలే వద్దు.

2. "నేను", "మా ఇంట్లో" అని మొదలుపెడదాం. "మేం ఇలా నమ్ముతాం" అంటే ఎవరికీ నొప్పి లేదు. "మీరు తప్పు నమ్ముతున్నారు" అంటే మాట అక్కడే తెగిపోతుంది.

3. తెలుసుకోవడానికి అడుగుదాం, ఓడించడానికి కాదు. "మీరు ఒక్కపొద్దు ఎందుకుంటారు?" అని పిల్ల అడిగితే సిగ్గుపడి ఆపకండి. అడగనివ్వండి. అడిగాక జవాబు పూర్తయ్యేదాకా వినడం కూడా నేర్పండి. అడిగినవాళ్లకు చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయాలని కూడా నేర్పండి.

4. ఒక్క మనిషి తప్పును మతం మొత్తానికి అంటగట్టొద్దు. మన వాళ్లలో ఒకడు దొంగతనం చేస్తే "వాడు దొంగ" అంటాం. పక్కవాళ్లలో ఒకడు చేస్తే "వాళ్లు దొంగలు" అంటాం. పిల్లలు ఈ తేడాను చాలా త్వరగా పట్టేస్తారు.

5. వద్దన్నదాన్ని అవమానంగా తీసుకోవద్దు. ప్రసాదం, బక్రీద్ మాంసం, క్రిస్మస్ కేకు, ఏదైనా సరే. ప్రేమతో ఇవ్వండి. వద్దంటే అంతే ప్రేమతో వెనక్కి తీసుకోండి. బతుకమ్మ ఆడతానంటే చెయ్యి పట్టుకోండి, ఆడనంటే పక్కన కుర్చీ వేయండి.

6. ఎవరు రాశారో, ఎప్పుడు ఎక్కడ జరిగిందో తెలియని మెసేజీని ముందుకు పంపొద్దు. బడి గ్రూపులో అసలే వద్దు. అది పరీక్షల టైంటేబులు కోసం, బస్సు ఆలస్యం కబురు కోసం పెట్టుకున్నది. అందులో ఎవరి దేవుడి మీద జోకు వచ్చినా, నవ్వు బొమ్మ పెట్టకపోవడం కూడా ఒక జవాబే. ఇంకొంచెం ధైర్యం ఉంటే పంపినవాళ్లకు విడిగా ఫోన్ చేసి చెప్పండి. పదిమందిలో పరువు తీయకండి. పరువు పోయినవాడు మారడు, మొండికేస్తాడు.

7. కోపం వచ్చిన రోజు వాదం రేపటికి వాయిదా వేద్దాం. గనిలో గాలి బాగోలేదంటే ఆ చోటికి మనుషుల్ని పంపరు, గాలి ఆడేదాకా ఆగుతారు. ఎక్కడో ఏదో ఘోరం జరిగి టీవీలన్నీ అరుస్తున్న రోజు మతం గురించి చర్చించడానికి మంచి రోజు కాదు. ఆ రోజు పక్కింటివాళ్లను "బాగున్నారా" అని పలకరించడం చాలు.

8. ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు తేలిక మాట అంటే, పిల్లల ముందే నెమ్మదిగా సర్దండి. అత్తయ్యనో మామయ్యనో ఎదిరించమని కాదు. "మన పక్కింటి వాళ్లు అట్ల కాదు కదా అత్తయ్యా" అన్నా చాలు. పెద్దవాళ్ల మాటకు ఇంకో వైపు కూడా ఉంటుందని పిల్లలకు తెలుస్తుంది.

ఇవన్నీ పాటిస్తే కాలనీలో అభిప్రాయ భేదాలు మాయమైపోతాయని నేను చెప్పను. పోవాల్సిన అవసరం కూడా లేదు. మంథని నుంచి కాళేశ్వరం ఎంతో దూరం కాదు, మీలో చాలామంది వెళ్లి ఉంటారు. అక్కడి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, ఒకటి యముడిదని, ఒకటి శివుడిదని చెబుతారు. ఒకటి తీసేస్తే గాని రెండోది నిలవదని అక్కడ ఎవరూ అనుకోలేదు.

వచ్చేవి పండుగల నెలలు. డప్పులు, మైకులు, అజాన్, గంటలు, క్రిస్మస్ పాటలు, అన్నీ మన కిటికీల్లోంచి వస్తాయి. మీ పిల్లలు ఏదో ఒక రోజు "వాళ్లెందుకు అలా చేస్తారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మీకు జవాబు తెలియకపోతే ఫోన్లో వెతకకండి. పిల్లల చెయ్యి పట్టుకుని పక్కింటి తలుపు కొట్టండి. "మా పాప అడుగుతోంది, చెబుతారా?" అనండి. మన కాలనీలో ఆ జవాబు తెలిసిన మనిషి నాలుగు మెట్ల దూరంలోనే ఉంటారు.